కర్చీఫ్ వేసిన కనెక్షన్ల కథ

సైట్ తెరిస్తే ఒక్కోసారి "టూ మెనీ కనెక్షన్స్" అని వస్తుంది కదా. దాని వెనక పాత కథే ఉంది.

1995లో పీహెచ్‌పీ వచ్చింది, అదే ఏడాది మైఎస్‌క్యూఎల్ కూడా. ఈ జంటతోనే చవక హోస్టింగ్ పెరిగింది. ఒక్క సర్వర్, దాని మీద బోలెడు సైట్లు. పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌కి కొత్త కనెక్షన్. టైమ్ దండగ అని, తెరిచింది మూయకుండా అట్టే పెట్టుకోవడం మొదలెట్టారు. అదే పర్సిస్టెంట్ కనెక్షన్.

చిక్కు ఇక్కడే. అపాచీలో డిఫాల్ట్‌గా 256 ప్రాసెస్‌ల దాకా నడిచేవి. ఒక్కో ప్రాసెస్ ఒక్కో సైట్ లాగిన్‌కి విడిగా కనెక్షన్ పట్టుకునేది. 20 సైట్లుంటే లెక్క 5,120 దాకా పోతుంది. అప్పట్లో మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ పరిమితి 100! బస్సులో కర్చీఫ్‌లు వేసి సీట్లన్నీ ఆపేసినట్టే. మనిషి ఉండడు, సీటు దొరకదు. రద్దీ సైట్ ఒకటి ఆపేసుకుంటే పక్కనున్న చిన్న షాపు సైట్ కూడా ఆగిపోతుంది.

2007లో స్కైప్ ఇంజనీర్లు పోస్ట్‌గ్రెస్ కోసం పీజీబౌన్సర్ విడుదల చేశారు. ఇది మధ్యలో కండక్టర్ లాంటిది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే, ఆ ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్ వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది.

అయినా జాగ్రత్త! అది ఒక్కో యూజర్-డేటాబేస్ జంటకి ఒక్కో పూల్ పెడుతుంది, డిఫాల్ట్ సైజు 20. ఆరు సైట్లు నిండితే 120. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100. అందుకే నేను చెప్పేది ఒక్కటే: ముందు మొత్తం సీట్లు లెక్కపెట్టండి, తర్వాతే సైట్లకి పంచండి.