కానుకగా వెళ్లిన చేప

1960లో అమెరికా పర్యటనకు వెళ్లిన జపాన్ యువరాజు అకిహితోకు షికాగో మేయర్ రిచర్డ్ డేలీ బ్లూగిల్ చేపలను బహూకరించారు. మిసిసిపీ నదీ ప్రాంతపు సన్‌ఫిష్ అది. 2007లో, అప్పటికి చక్రవర్తి అయిన అకిహితో, షిగా రాష్ట్రంలోని బివా సరస్సు తీరాన జరిగిన సభలో ఆ చేప వల్ల జరిగిన నష్టానికి తన మనసు బాధపడుతోందని చెప్పారు. ఈ రెండు ఘట్టాలతోనే కథ ముగిస్తే నేరమంతా ఒక కానుక మీద పడుతుంది. నా దృష్టిలో అసలు బాధ్యత చేపల పెంపకం విధానానిది. యువరాజు వాటిని ఏ చెరువులోనూ వదల్లేదు, ప్రభుత్వ మత్స్య పరిశోధనశాలకు అప్పగించారు. ఆహారానికి పనికొస్తాయని అక్కడ వాటిని పెంచి, పిల్లలను వివిధ రాష్ట్రాల కేంద్రాలకు పంచారు. 1966లో షిజువోకలోని ఇప్పెకి సరస్సులో వదిలారు. మంచినీటి ముత్యపు చిప్పల పిల్లలు కొంతకాలం చేపలను అంటిపెట్టుకుని పెరుగుతాయి కాబట్టి, ముత్యాల సాగుకూ బ్లూగిల్‌ను ప్రయోగించి చూశారు.

తర్వాత ఇంకెవరో తెచ్చిన చేపలే వ్యాపించి ఉండవచ్చు కదా అనే సందేహం సహజమే. కానీ జపాన్ అంతటా సేకరించిన బ్లూగిల్ డీఎన్‌ఏ అయోవాలోని గుటెన్‌బర్గ్ దగ్గరి చేపలతో సరిపోయింది. 1960లో వచ్చిన 15 చేపల మూలం అదే. నాకు బలమైన సాక్ష్యం ఇదే. మంచినీటి చేప కొండ దాటి పక్క నదికి పోలేదు, సముద్రం ఈది మరో దీవికి చేరలేదు. 15 చేపల సంతతి దేశమంతా కనిపిస్తోందంటే మనుషులు తొట్టెల్లో మోసుకెళ్లి వదిలారన్నమాట. మొదట ప్రభుత్వ కేంద్రాలు, ఆ తర్వాత సరదాకు గాలం వేసేవాళ్లు.

చేప స్వభావమే అంత అనేవారూ ఉన్నారు. అందులో నిజముంది. మగచేప లోతులేని నీటి అడుగున తోకతో గుంట చేసి, గుడ్లకు కాపలా కాస్తుంది, తోకతో నీరు విసురుతుంది. నలుసంత ప్లవకాలు, పురుగులు, నీటి మొక్కలు, ఇతర చేపల గుడ్లు, ఏది దొరికితే అది తింటుంది. బివాలో ఫునజుషి అనే ఊరబెట్టిన వంటకానికి వాడే నిగొరొబునా చేప తగ్గిపోయింది. దానికి ఒడ్డున రెల్లు పొదలను నరికి గట్లు నిర్మించడమూ కారణమే. అయితే, చేరిన చోట బ్లూగిల్ ఎలా నిలదొక్కుకుందో ఈ స్వభావం చెబుతుంది గానీ, అక్కడికి ఎలా చేరిందో చెప్పదు. జపాన్ చట్టాలూ చివరికి మనిషి చేతినే పట్టుకున్నాయి. గాలానికి పడిన బ్లూగిల్‌ను తిరిగి బివాలో వదలకూడదని 2003లో షిగా ఆంక్ష పెట్టింది. 2005లో అమలైన జాతీయ చట్టం దాన్ని పెంచడాన్ని, ప్రాణంతో తరలించడాన్ని, వదలడాన్ని నిషేధించింది.