లేఖనముల పొందికను గూర్చిన ప్రశ్నలు: సంఘ చరిత్ర మనకు నేర్పేదేమి?

1990వ దశకము చివర నేను ప్రొద్దుటూరులో సేవ చేస్తున్న రోజులవి. యౌవనుల కూడికకు క్రమముగా వచ్చే ఒక కుర్రవాడు బంగారు నగలు చేసే అంగట్లో పని నేర్చుకుంటూ ఉండేవాడు. తోటి పనివాడైన ముస్లిం స్నేహితుడు ఇచ్చిన చిన్న పుస్తకమొకటి చేతబట్టుకొని ఒక ఆదివారము నా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, యెహోరాము రాజు నలభై ఏండ్లకు చనిపోయినాడు. ఆ వెంటనే రాజైన కొడుకు అహజ్యాకు నలభై రెండేండ్లని ఉంది. కొడుకు నాయన కంటే రెండేండ్లు పెద్దోడెట్లయితాడు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. అట్టి పుస్తకములు చదువరాదనీ, వాక్యమును శంకించుట సాతాను పని అనీ గద్దించి పంపించాను. ఆ తరువాత అతడు కూడికకు రాలేదు.

అతడు అడిగినది సరియైన ప్రశ్న. 2 దినవృత్తాంతములు 21:20, 22:2 వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చదివితే ఎవరైనా అడుగుతారు. నాకు జవాబు తెలియకపోవుట ఒక లోపము. తెలియదని ఒప్పుకొనకపోవుట అంతకంటె పెద్ద లోపము. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో సేవ చేసినప్పుడు కూడ ఇట్టి ప్రశ్నలే ఎదురైనవి. ఇటువంటి ప్రశ్నలను సంఘము పూర్వము ఎట్లు ఎదుర్కొన్నదో తెలిసికొనుట సేవకులకు మేలని తలంచి ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

1. ప్రశ్న క్రొత్తది కాదు

లేఖనములలో పొందిక లేదన్న విమర్శ ఆధునిక హేతువాదులతో మొదలు కాలేదు. రెండవ శతాబ్దములోనే సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవులు తమ సువార్తను పలుమార్లు మార్చుకున్నారని ఆరోపించాడు. సమాధియొద్ద కనబడిన దూత ఒకడా, ఇద్దరా అన్న వ్యత్యాసమును కూడ ఎత్తిచూపాడు. మూడవ శతాబ్దపు పోర్ఫిరీ మరింత శ్రద్ధగా సువార్తలను చదివి వాటి మధ్య భేదములను చూపాడు. క్రీ.శ. 448లో చక్రవర్తి ఆజ్ఞతో అతని గ్రంథములు కాల్చివేయబడినవి. అయితే గ్రంథము కాలినంత మాత్రమున ప్రశ్న కాలిపోలేదు.

విశ్వాసులు కూడ ఈ ఇబ్బందిని ఎరిగియున్నారు. సుమారు 170 ప్రాంతములో తతియాను నాలుగు సువార్తలను కలిపి ఒకే కథనముగా కూర్చాడు. 'దియతెస్సరోను' అనబడిన ఆ గ్రంథమును సిరియా సంఘములు ఎన్నో తరములు ఆరాధనలో చదివినవి. వ్యత్యాసములు లేని ఒకే సువార్త! చదువుటకు సుళువు, విమర్శకునికి చోటు తక్కువ. కాని అయిదవ శతాబ్దములో కూరు పట్టణపు బిషప్పు థియోడరేటు తన పరిధిలోని సంఘములలో రెండు వందలకు పైగా ఆ ప్రతులను తొలగించి నాలుగు సువార్తలను తిరిగి ఉంచాడు. ఇది గమనింపదగిన సంగతి. పొందిక కుదిరిన ఒక్క పుస్తకము చేతిలో ఉండగా, వ్యత్యాసములున్న నాలుగు సాక్ష్యములనే సంఘము కోరుకొన్నది.

ఓరిగెను యోహాను సువార్తకు వ్రాసిన వ్యాఖ్యానములో ఈ భేదములను దాచలేదు. కొన్ని చోట్ల చరిత్రగా చదివితే అవి పొసగవనీ, అక్కడ ఆత్మీయార్థమును వెదకవలెననీ వ్రాశాడు. అగస్టీను సుమారు 400లో సువార్తల ఏకాభిప్రాయము మీద ఒక పూర్తి గ్రంథమే వ్రాశాడు. జెరోముకు వ్రాసిన ఒక లేఖలో అతడు ఒక సూత్రము కూడ చెప్పాడు. లేఖనములో సత్యమునకు విరుద్ధమనిపించేది కనబడితే ప్రతిలో తప్పు దొర్లియుండవచ్చు, అనువాదకుడు భావమును పట్టుకొనలేకపోయి యుండవచ్చు, లేదా నేనే గ్రహింపలేదేమో అన్నది దాని సారము. ఈ మూడు తలుపులను మనము తరువాత తట్టి చూద్దాము.

సంస్కరణ కాలములో లూథరను పండితుడు ఒసియాండరు 1537లో ప్రచురించిన సువార్తల సమన్వయములో ఏ చిన్న భేదమును వదలక, భేదమున్న ప్రతి చోటా రెండు వేరు సంఘటనలు జరిగినవని చెప్పాడు. ఫలితముగా యాయీరు కుమార్తె ఒకటి కంటె ఎక్కువసార్లు మృతులలోనుండి లేపబడవలసి వచ్చింది! కాల్విను మాత్రము మత్తయి 27:9లో జెకర్యా మాటలకు యిర్మీయా పేరు ఎట్లు వచ్చినదో తనకు తెలియదనీ, దానికై అంతగా కలత చెందననీ నిర్మొహమాటముగా వ్రాశాడు. వీరిద్దరూ వాక్యమును ప్రేమించినవారే. అయినా ఎవరి మాట మన విశ్వాసమునకు బలమిచ్చునో పాఠకులే ఆలోచించవలెను.

2. మన దేశములో ఈ చర్చ

1854 ఏప్రిల్ నెలలో ఆగ్రాలో రెండు దినములు ఒక బహిరంగ చర్చ జరిగింది. ఒక ప్రక్క మిషనరీలు ఫాండరు, ఫ్రెంచి; మరొక ప్రక్క మౌలానా రహమతుల్లా కైరానవీ, డాక్టరు వజీర్ ఖాన్. ముస్లిం పండితులు ఐరోపా వేదాంత పండితుల గ్రంథములనే చూపి, వ్రాతప్రతులలో పాఠభేదములున్నవి గదా అని అడిగారు. ఫాండరు కొన్ని చోట్ల ఉన్నవని ఒప్పుకొని, వాటివలన ముఖ్య బోధ ఏదియు మారలేదని వాదించాడు. అతని వాదము సబబే. కాని ఐరోపాలో అప్పటికి సాగుతున్న పరిశోధనను ఎదుటివారు తనకంటె బాగుగా ఎరిగియుంటారని అతడు ఊహించలేదు. తరువాత మక్కాకు వెళ్లిన రహమతుల్లా 1864లో 'ఇజ్హారుల్ హక్' అను గ్రంథమును వెలువరించాడు.

ఆ గ్రంథము చేసిన ప్రయాణము మన సెమినరీ విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. 1930వ దశకములో దక్షిణాఫ్రికాలో ఒక మిషను కళాశాల దగ్గరలోని అంగట్లో అహ్మద్ దీదాత్ అనే యువకుడు పని చేసేవాడు. అంగడికి వచ్చిన ఆ కళాశాల విద్యార్థులు అతని మతమును గూర్చి అతనిని వేధించేవారనీ, జవాబు తెలియక బాధపడుతున్న రోజుల్లో అంగడి గోదాములో ఆ పుస్తకము దొరికిందనీ అతడే తరువాత చెప్పుకున్నాడు. అతడు వ్రాసిన చిన్న పుస్తకములు లోకమంతా వ్యాపించినవి. ప్రొద్దుటూరు అంగట్లో నా యౌవనుని అడ్డగించిన ప్రశ్నలు ఆ త్రోవననే వచ్చినవి. ఆ వివాదమునకు ఆజ్యము పోసినవారిలో సేవకు సిద్ధపడుతున్న మన విద్యార్థులు కూడ ఉన్నారన్నది మనలను తగ్గింపవలసిన సంగతి.

తెలుగునాట హేతువాదులు కూడ ఈ ప్రశ్నలు వేశారు. ఎన్. వీరబ్రహ్మం వ్రాసిన 'బైబిల్ బండారం' అను పుస్తకమును ప్రభుత్వము జప్తు చేయగా ఆ వివాదము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లి 1959లో తీర్పుకు వచ్చింది. ఆ పుస్తకపు ధోరణి విశ్వాసులను నొప్పించినది నిజమే. అయినను జప్తు ఉత్తరువు ఒక ప్రశ్నకైనను జవాబు కాదు.

3. మూడు తలుపులు

మొదటిది ప్రతిలో దొర్లిన తప్పు. అహజ్యా వయస్సు విషయము ఇదే. 2 రాజులు 8:26లో అతని వయస్సు ఇరువది రెండు. దినవృత్తాంతములలో సైతము ప్రాచీన సిరియా అనువాదము ఇరువది రెండనే చదువుతుంది. చేతివ్రాతతో నకలు చేసినవాని పొరపాటు అని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. ఆ కుర్రవానికి ఇది రెండు నిమిషములలో చెప్పగలిగియుండేవాడను.

రెండవది అనువాదము. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనరీలు క్రాను, డెగ్రాంజిలు తెలుగు బైబిలు అనువాదమునకు పూనుకొనగా, 1818లో ప్రిచ్చెట్టు చేతిమీదుగా పూర్తి క్రొత్త నిబంధన వెలువడినది. అదే మిషను 1822లో కడపకు వచ్చింది. తరువాతి అనువాదకులు ఎంతో ప్రయాసపడి మనకిచ్చిన పాత అనువాదమునే నేటికిని మన సంఘములు చదువుచున్నవి. జమ్మలమడుగులో బైబిలు పఠన కూడికకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దానిలో నేనెన్నడు గమనింపని సంగతిని చూపించాడు. యేసును సిలువవేసినది మార్కు 15:25లో పగలు తొమ్మిది గంటలకు. యోహాను 19:14లో పిలాతు ఆయనను యూదుల ఎదుట నిలిపినది ఉదయము ఆరు గంటలకు. ఇందులో చిక్కేమియు లేదు. కాని గ్రీకులో యోహాను వ్రాసినది 'ఆరవ గడియ'. సమరయ బావియొద్ద యేసు కూర్చున్న 4:6లో కూడ అదే 'ఆరవ గడియ'. అక్కడ మన అనువాదము పండ్రెండు గంటలంటుంది. ఒకే మాట ఒక చోట మధ్యాహ్నము, మరొక చోట ఉదయము!

యోహాను రోమా పద్ధతిని అనుసరించి అర్ధరాత్రినుండి లెక్కించాడని కొందరు పండితులు వాదించారు. మన అనువాదకులు 19వ అధ్యాయములో దానిని అంగీకరించినట్లున్నారు, 4వ అధ్యాయములో అంగీకరింపలేదు. ప్రాచీన నకలుదారులలో కొందరు యోహాను 19:14లోని 'ఆరవ'ను 'మూడవ'గా దిద్దారు. ఉద్దేశ్యము మంచిదే. కాని ఇట్టి దిద్దుబాటు చిక్కును విప్పలేదు, పాఠకుని కంటికి కనబడకుండ మూసింది. ఇంగ్లీషు బైబిలు చదివే మన పిల్లలకు అది రేపు కనబడుతుంది. అప్పుడు వారు మనలను ఏమనుకుంటారు?

మూడవది మన గ్రహింపు. మార్కు మూడవ, ఆరవ, తొమ్మిదవ గడియల వరుసలో సిలువ దినమును చెప్పుచున్నాడు. యోహాను పస్కాను సిద్ధపరచు దినమును ముందుంచి, గొఱ్ఱెపిల్లలు వధింపబడు దినముననే దేవుని గొఱ్ఱెపిల్ల అప్పగింపబడినట్లు చూపుచున్నాడు. అట్లే 2 సమూయేలు 24:1లో దావీదును జనసంఖ్యకు పురికొల్పినది యెహోవా కోపము, 1 దినవృత్తాంతములు 21:1లో సాతాను. చెర తరువాత వ్రాసిన రచయిత కీడును దేవునికి ఆపాదించుటకు జంకినట్లు కనబడుతుంది. రచయితల ఉద్దేశ్యమును ఎరిగితే భేదము కూడ బోధిస్తుంది.

పులివెందుల దగ్గర ఒక గృహకూడికలో యూదా ఇస్కరియోతు మరణమును గూర్చి మత్తయి 27:5, అపొస్తలుల కార్యములు 1:18 చదివినప్పుడు ఒక పెద్దమ్మ, "మా ఊర్లో ఒకడు సచ్చిపోతే నలుగురు నాలుగు రకాలుగా చెప్తారయ్యా. అంతమాత్రాన వాడు సావలేదంటామా?" అన్నది. ఆమె మాటలో సగము జవాబున్నది. సాక్షులు భేదించినంత మాత్రమున సంఘటన అబద్ధము కాదు. అయితే ఆ పొలమును కొన్నది యాజకులా, యూదాయా అన్న ప్రశ్న అక్కడే మిగిలింది. "అది నాకూ తెలియదమ్మా" అని ఆ రోజు చెప్పాను. ఎవరి విశ్వాసమూ కూలిపోలేదు.

ముగింపు

చరిత్రనుండి సేవకులు నేర్చుకొనవలసినవి మూడు. ప్రశ్న అడిగినవానిని శత్రువుగా ఎంచరాదు. జవాబున్న చోట చదివి చెప్పవలెను, లేనిచోట లేదని ఒప్పుకొనవలెను. నాలుగు సువార్తలను ఒకటిగా అతుకు వేయుటకు సంఘమే ఇష్టపడలేదని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ కుర్రవాడు మరల నాకు కనబడలేదు. అతనికి చెప్పవలసిన జవాబును ఈ పుటలలో వ్రాయుట ఆలస్యమే. కాని ఇది చదువుచున్న విద్యార్థుల యొద్దకు అతనివంటివారు రేపు వస్తారు. వారిని పంపివేయవద్దు. కూర్చోబెట్టి, బైబిలు తెరచి, రెండు వచనములను వారితో కలిసి చదవండి.