ఇంట్లోనే బైకు ముందు చక్రం విప్పడం: పనిముట్లు, క్రమం, మరువకూడని జాగ్రత్తలు

మోటారు సైకిల్ ముందు చక్రం విప్పడం చేయి తిరిగిన మెకానిక్‌కు కొద్ది నిమిషాల పని. తొలిసారి చేసేవారికి గంట పట్టవచ్చు. విప్పేటప్పుడు పొరపాటు జరిగితే మహా అయితే ఒక బోల్టో కేబులో పాడవుతుంది. బిగించేటప్పుడు పొరపాటు జరిగితే బండి పరుగులో ఉండగా బ్రేకు అందకపోవచ్చు, లేదా చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. కాబట్టి ఈ పనిలో అసలు నైపుణ్యం విప్పడంలో కాదు, తిరిగి బిగించడంలో ఉంది.

దేశంలో నమోదైన వాహనాల్లో నాలుగింట మూడు వంతుల దాకా ద్విచక్ర వాహనాలే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. అప్పుడు బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రం నుంచే వస్తుంది. ఆ చక్రాన్ని పట్టి ఉంచేది ఒక ఇరుసు (యాక్సిల్), దానికో నట్టు.

ఎప్పుడు విప్పాల్సి వస్తుంది?

ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే చక్రం విప్పనవసరం లేదు. బయటి నుంచే రబ్బరు పోగు దూర్చి రంధ్రం మూసేస్తారు. స్పోకుల చక్రాల్లో మాత్రం సాధారణంగా ట్యూబు ఉంటుంది. ట్యూబు పంక్చరైన బండిని కిలోమీటర్ల కొద్దీ తోసుకుంటూ పోతే ట్యూబు నలిగి ముక్కలవుతుంది, రిమ్ము దెబ్బతింటుంది. పంక్చరు షాపు దూరంగా ఉన్న పల్లెల్లో బండిని ఇంటి దగ్గరే ఉంచి, చక్రం ఒక్కటే ఆటోలోనో బస్సులోనో తీసుకుపోవడం అందుకే అలవాటు.

టైరు మార్చడానికి, బ్రేకు షూలు శుభ్రం చేయడానికి లేదా మార్చడానికి, అరిగిన బేరింగులు తీయడానికి, ఫోర్కుల నుంచి ఆయిల్ కారుతుంటే సీళ్లు వేయడానికి కూడా ముందు చక్రం విప్పాలి.

బండి రకాన్ని బట్టి పని

మొదట తేల్చుకోవాల్సింది ముందు బ్రేకు డ్రమ్మా, డిస్కా అన్నది. స్ప్లెండర్ వంటి 100 సీసీ బండ్లలో, పాకిస్తాన్‌లో బాగా కనిపించే హోండా సీడీ 70లో డ్రమ్ము బ్రేకు వాడుక ఎక్కువ. దీన్ని కేబుల్ లాగి పనిచేయిస్తారు. డిస్కు బ్రేకులో లీవరు నొక్కితే ద్రవం ఒత్తిడికి పిస్టన్లు కదిలి, ప్యాడ్లు డిస్కును రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి.

దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న బండిలో చక్రం పక్కన రంధ్రాల రింగు, దానికి అతి దగ్గరగా ఒక సెన్సరు ఉంటాయి. 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు ఏబీఎస్ లేకపోతే కంబైన్డ్ బ్రేకింగ్ ఉండాలి. అంటే కాలి పెడల్ తొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది. అలాంటి డ్రమ్ము బండ్లలో ముందు బ్రేకు దగ్గర కేబుళ్ల అమరిక పాత బండ్లకన్నా కాస్త చిక్కుగా ఉంటుంది. విప్పే ముందు రెండు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు.

పాత బుల్లెట్ వంటి బండ్ల తీరు వేరు. వాటిలో ఇరుసు లాగే పని లేదు. ఫోర్కుల అడుగున ఉన్న మూతల నట్లు విప్పితే చక్రం ఇరుసుతో సహా కిందికి దిగుతుంది.

కావలసిన పనిముట్లు

ఇరుసు తలకు, నట్టుకు సరిపోయే రెండు పానాలు, ఒక ప్లయర్, స్క్రూడ్రైవర్, రబ్బరు లేదా చెక్క సుత్తి, గ్రీజు, పాత గుడ్డ, కొంచెం తాడు చాలు. డిస్కు బండికి దాని బోల్టులకు తగిన అలెన్ కీ లేదా సాకెట్ కూడా కావాలి. సైజు మార్చుకునే పానాతో బిగుసుకున్న నట్టు తిప్పితే అది జారి నట్టు మూలలు అరిగిపోతాయి. వీలైతే టార్క్ పానా సమకూర్చుకోవడం మంచిది.

బండిని నిలబెట్టడం

ఈ పనిలో మనిషికి దెబ్బ తగిలేది ఎక్కువగా బండి పడిపోవడం వల్లే. మట్టి నేల మీద కాకుండా గట్టి, సమమైన నేల మీద పని చేయాలి. సైడ్ స్టాండ్ మీద ఉంచి ముందు చక్రం ఎప్పుడూ విప్పకూడదు.

చక్రం నేల మీద ఉండగానే ఇరుసు నట్టును కొద్దిగా వదులు చేసుకోవాలి. బండిని పైకి లేపాక గట్టిగా బలం ప్రయోగిస్తే అది ఊగి పడిపోయే ప్రమాదం ఉంది. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనుక సీటు మీద ఇసుక బస్తా వంటి బరువు పెడితే ముందు చక్రం లేస్తుంది. ఆ బరువు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఇంజిన్ కింద చెక్క దిమ్మె పెట్టి ఆనించాలి. సైలెన్సర్ గొట్టం మీద, ఆయిల్ బోల్టు మీద భారం పడకుండా చూసుకోవాలి. కేటీఎం డ్యూక్, యమహా ఆర్15 వంటి బండ్లకు సెంటర్ స్టాండ్ ఉండదు. వాటికి ప్యాడాక్ స్టాండ్లు కావాలి. అవి లేకుండా ఆ బండ్ల జోలికి పోకపోవడమే మేలు.

డ్రమ్ము బ్రేకు బండిలో

బ్రేకు చేతి దగ్గర కేబుల్ చివరనున్న సర్దుబాటు నట్టు పూర్తిగా విప్పి కేబుల్ బయటికి తీయాలి. దాని స్ప్రింగు, చిన్న పిన్ను పోకుండా నట్టుతో పాటే ఒక గిన్నెలో వేసుకోవాలి. స్పీడోమీటర్ కేబుల్ చక్రం దగ్గరికి వచ్చే బండి అయితే దాన్నీ వదులు చేయాలి.

తర్వాత ఒక పానాతో ఇరుసు తలను కదలకుండా పట్టుకుని, రెండో పానాతో నట్టు విప్పాలి. స్ప్లిట్ పిన్ను ఉంటే ముందు అది తీయాలి. చక్రాన్ని ఒక చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకుంటే బరువు తగ్గి ఇరుసు సులువుగా జారుతుంది. రాకపోతే చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. ఇనుప సుత్తితో మర మీద కొడితే మళ్లీ నట్టు ఎక్కదు.

చక్రం కిందికి దిగాక బ్రేకు షూలున్న ప్లేటు విడిగా ఊడి వస్తుంది. రెండో వైపు గొట్టం ముక్కలాంటి స్పేసర్ ఉంటుంది. అది ఏ వైపుదో, దాని ఏ కొస చక్రం వైపు ఉందో గుర్తు పెట్టుకోవాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి పైపుతో కొట్టకూడదు. బ్రేకు దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడి గుడ్డతో తుడవాలి.

డిస్కు బ్రేకు బండిలో

కొన్ని బండ్లలో కాలిపర్ ఉండగానే చక్రం బయటికి వస్తుంది. అయినా దాన్ని ఫోర్కుకు పట్టి ఉంచే బోల్టులు విప్పి పక్కకు తీయడం సులువు. తీసిన కాలిపర్‌ను పైపు మీద వేలాడనివ్వకుండా తాడుతో హ్యాండిల్‌కో ఫోర్కుకో కట్టాలి. ఏబీఎస్ సెన్సరు తీగ లాగబడకుండా చూసుకోవాలి. ఇరుసు పట్టుకుని ఉండేందుకు ఫోర్కు అడుగున అడ్డంగా పించ్ బోల్టు ఉంటే, ముందు దాన్ని వదులు చేశాకే ఇరుసు లాగాలి.

చక్రం బయట ఉన్నంతసేపూ ముందు బ్రేకు లీవరు నొక్కకూడదు. మధ్యలో డిస్కు లేకపోవడంతో పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు దగ్గరైపోతాయి. ఎక్కువసార్లు నొక్కితే పిస్టన్ పూర్తిగా బయటికొచ్చి ద్రవం కారిపోవచ్చు. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెట్టడం, లీవరుకు ఒక గుడ్డ చుట్టి ఉంచడం మంచి అలవాట్లు. పిల్లలున్న ఇంట్లో అది మరీ అవసరం. డిస్కు మీద గ్రీజు, నూనె చేయి పడనివ్వకూడదు. చక్రాన్ని డిస్కు నేలకు తగిలేలా పడుకోబెట్టకూడదు.

చక్రం చేతిలో ఉండగా

మధ్య రంధ్రంలో వేలు పెట్టి బేరింగును తిప్పి చూడాలి. గరగరలాడినా, ఆగి ఆగి తిరిగినా, వదులుగా ఊగినా మార్చాల్సిందే. ఇరుసును చదునైన గాజు మీద దొర్లిస్తే వంపు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేసి పలుచగా గ్రీజు రాయాలి. మర మీద, బ్రేకు భాగాల మీద గ్రీజు పడకూడదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. పంక్చరు షాపులో టైరు ఊడదీసి ఎక్కించినట్లయితే, దాని పక్కనున్న బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే దిశలోనే ఉందో లేదో చూసుకోవాలి.

తిరిగి బిగించేటప్పుడు

డ్రమ్ము బండిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. బ్రేకు ప్లేటు మీద ఒక గాడి, ఫోర్కు మీద ఒక బొడిపె ఉంటాయి. కొన్ని బండ్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కూర్చోవాలి. బ్రేకు పడినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరగకుండా ఆపేది అదే. అవి కూర్చోకపోతే చక్రం మామూలుగానే తిరుగుతుంది, ఏ తేడా కనిపించదు. మొదటిసారి గట్టిగా బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబుల్ చుట్టుకుపోయి చక్రం బిగుసుకుపోతుంది. అందుకే ఇరుసు దూర్చాక ప్లేటును చేత్తో తిప్పి చూడాలి. అది కదలకూడదు.

స్పీడోమీటర్ గేరు చక్రం దగ్గరున్న బండిలో దాని పళ్లు చక్రంలోని గాళ్లలో పడాలి. సరిగా పడకుండా నట్టు బిగిస్తే పళ్లు విరిగి మీటరు ఆగిపోతుంది. డిస్కు బండిలో ప్యాడ్ల మధ్య ఖాళీ చేసుకుని డిస్కును వాటి మధ్యకు దూర్చాలి.

నట్టును చేత్తో ఎక్కించి, డ్రమ్ము బండిలో కేబుల్ తగిలించి, బ్రేకు పట్టి ఉంచి బిగిస్తే షూలు మధ్యకు సర్దుకుంటాయి. బిగింపు ఎంత ఉండాలో బండి మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. ఉదాహరణకు 60 అని ఉంటే, 25 సెంటీమీటర్ల పానా చివర సుమారు 24 కిలోల బరువు వేసినంత బలం. పానా మీద ఎక్కి తొక్కడం, పొడవు గొట్టం తగిలించి తిప్పడం మర తెగడానికి దారితీస్తాయి. పించ్ బోల్టు ఉన్న బండిని కిందికి దించి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలాకే ఆ బోల్టు బిగించాలి. అప్పుడు ఫోర్కులు వంకర లేకుండా కూర్చుంటాయి. వాడిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వాడకూడదు. కొత్తది వేయాలి.

రోడ్డెక్కే ముందు

డిస్కు బండిలో మొదట చేయాల్సింది లీవరును గట్టిపడేదాకా పదే పదే నొక్కడం. ప్యాడ్లు వెనక్కి నెట్టి ఉంటే మొదటి నొక్కుకు లీవరు హ్యాండిల్ దాకా పోతుంది, బ్రేకు పడదు. ఎన్నిసార్లు నొక్కినా మెత్తగానే ఉంటే గొట్టంలో గాలి చేరినట్టే. అది తీయించేదాకా బండి నడపకూడదు.

తర్వాత చక్రాన్ని పైకి లేపి తిప్పాలి. రుద్దుకునే శబ్దం, పక్కకు ఊగడం ఉండకూడదు. వదిలిన పనిముట్లు, మిగిలిన విడిభాగాలు గిన్నెలో ఉన్నాయేమో చూడాలి. ఒక్క స్పేసర్ మిగిలినా మళ్లీ విప్పాల్సిందే. ఇంటి ముందే బండిని నడిపిస్తూ బ్రేకు వేసి చూశాక, నెమ్మదిగా కొంతదూరం నడపాలి. ఏబీఎస్ బండిలో దీపం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సరు చూపించాలి. ఒకటి రెండు రోజులు తిరిగాక నట్టు బిగింపు మరోసారి సరిచూసుకోవాలి.

నట్టు మర తెగినా, ఇరుసు వంగినా, ప్లేటు గాడి కూర్చోకపోయినా, కాలిపర్ నుంచి ద్రవం కారినా పని అక్కడితో ఆపి మెకానిక్‌ను ఇంటికి పిలిపించాలి. ఆ స్థితిలో బండిని షెడ్డు దాకా నడుపుకుంటూ పోవడం, అది ఎంత దగ్గరైనా, క్షేమం కాదు.