ఇంకాస్త వెయ్యి బాబాయ్

మార్టూరులో పొద్దు గుంకుతోంది. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన బజ్జీల బండి ముందు నిలబడ్డారు మీరు. ఈ ఊరి పెద్దోళ్ళకు అదింకా అయిదో నంబరు రోడ్డే. గ్రానైటు పలకల లారీ ఒకటి నేల అదిరేలా పోయింది. దాని వెనకే మిర్చి టిక్కీల లారీ, గుంటూరు యార్డు వైపు. ఆ ఘాటుకు మీకు తుమ్ము ఆగదు. పక్కనున్నోళ్ళెవరికీ చలనం లేదు.

బాండీలో నూనె కాగింది. బండాయన పొడుగాటి లేతాకుపచ్చ కాయను నిలువునా చీల్చి, గింజలతోపాటు లోపలి తెల్ల ఈనె కూడా గోటితో గీకేస్తాడు. మిరపకాయ మంట ఎక్కువగా ఆ ఈనెలోనే. అసలీ బజ్జీ కాయకే కారం అంతంత మాత్రం. ఘాటైన తేజా మిర్చి పండే నేల మీద బజ్జీకి చప్పటి కాయ! విడ్డూరమే కానీ, తేజాతో వేస్తే రెండోది అడిగే మగాడెవడు?

చీలికలో వాము, ఉప్పు, చింతపండు గుజ్జు. శనగపిండిలో ఓ ముంచు. చుయ్య్...

వేగినదాన్ని ముక్కలు కోసి మళ్ళీ నూనెలో వేస్తే కట్ మిర్చి. అక్కణ్ణుంచి ఎవరి పెత్తనం వాళ్ళది. జుట్టునిండా రాతిదుమ్ముతో ఉన్న కుర్రాడు, "బాబాయ్, ఉల్లిపాయలు దట్టంగా. కారం నేను ఆపమనేదాకా" అన్నాడు. పిల్లాణ్ణి చంకనెత్తుకున్నామె, "మాకు కారం చల్లమాక అన్నా, వేరుశెనగ్గుళ్ళు ఇంకాసినియ్యి" అంది.

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినట్టున్నాడు, ఇంకొకతను నవ్వాడు. అక్కడ చేప బర్గరులో ఇంకో చీజు ముక్క అడిగితే బిల్లులో ఎక్కుతుందట. ఆ బర్గరు పుట్టిందే గిరాకీ లేక. 1962లో సిన్సినాటిలో లూ గ్రోయెన్ అనే మెక్‌డొనాల్డ్స్ దుకాణదారు మొదలెట్టాడు. కాథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టక అతని కొట్టు వెలవెలబోయేది మరి. ఇదంతా విని బండాయన, "మాకు శనివారం గుడ్డు బజ్జీ కదలదు. అదే గోల" అని జల్లిగరిటె బాండీ అంచుకు తట్టాడు.

మీ వంతు. పొట్లంలో ముక్కలు, పైన ఉల్లి తరుగు, కొత్తిమీర, గుళ్ళు. నిమ్మచెక్క పిండాడు. "కారం?" అన్నాడు డబ్బా ఎత్తి పట్టుకుని.

అందరూ మీ వైపే చూస్తున్నారు. "వెయ్యి" అంటారు. మొదటి ముక్కకు కరకర, పులుపు. రెండోదానికి చెవులు వేడెక్కుతాయి. మూడోదానికి, "ఇంకాసిని ఉల్లిపాయలు..." అని మీరు చెయ్యి చాచేలోపే ఆయన గుప్పెడు వేసేశాడు, మీ మొహం చూడకుండానే.