మల్లన్న మొక్కు, మల్లిక పేరు

నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్త శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంది, బిడ్డకు స్వామి పేరే పెడతామని. ఆడపిల్ల పుట్టింది. "మగదేవుడి పేరు పాపకెట్లా పెడతారు?" అన్నారు ఆళ్లగడ్డ చుట్టాలు. మగవాళ్లు లక్ష్మీనారాయణ, పార్వతీశం అని అమ్మవార్ల పేర్లు తగిలించుకుంటే ఎవరూ అడగరు మరి!

అసలు మల్లన్న పేరు ఆడవాళ్లకు కొత్తా? ఆ గుడి దగ్గరే 'మల్లమ్మ కన్నీరు' ఉంది, హేమారెడ్డి మల్లమ్మ పేరు మీద. మా అవ్వల కాలంలో వీధికో మల్లమ్మ ఉండేది. ఇప్పుడది పాతపేరైపోయింది. ఊరి పేరు శ్రీశైలం మాత్రం తెలంగాణలో మగవాళ్లదే, ఆడపిల్లయితే శైలజ.

చంద్రవతి అనే రాజకుమారి మల్లెపూలతో కొలవబట్టే స్వామి మల్లికార్జునుడయ్యాడని స్థలపురాణం. "ముందొచ్చింది పువ్వే కదా" అని అత్త పాప చెవిలో మల్లిక అని చెప్పింది. తను మాత్రం ఇప్పటికీ "మల్లన్నా" అనే పిలుస్తుంది.