కాంతి ప్రయాణ కాలం

ఒక ఖగోళ వస్తువు నుండి వెలువడిన కాంతి మరొక చోటికి చేరుటకు పట్టే సమయాన్ని కాంతి ప్రయాణ కాలం అంటారు. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. రేడియో తరంగాల వేగం కూడా ఇదే. దూరాన్ని ఈ వేగంతో భాగిస్తే ప్రయాణ కాలం లభిస్తుంది.

సంఖ్యలను వ్రాసే పద్ధతి

ఖగోళ దూరాలను పూర్తి అంకెలలో వ్రాస్తే సున్నాల లెక్క తప్పే అవకాశం ఉంది. అందువలన వాటిని 1 నుండి 10 లోపు సంఖ్యకు, 10 యొక్క ఘాతానికి లబ్ధంగా వ్రాస్తారు. ఉదాహరణకు 15,00,00,000 = 1.5 × 10⁸. దీనిని ప్రామాణిక రూపం లేదా శాస్త్రీయ సంకేత పద్ధతి అంటారు.

పూర్వం పెద్ద సంఖ్యలను స్థానాల పేర్లతో చెప్పేవారు. పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహానికి మూలకర్త మహావీరాచార్యుడు (9వ శతాబ్దం). ఆయన 24 స్థానాలకు పేర్లు ఇచ్చాడు. వాటిలో చివరిదైన మహాక్షోభం 10²³కు సమానం. ఘాత పద్ధతిలో ఈ పేర్లు గుర్తుంచుకోనవసరం లేదు. గుణకారంలో ఘాతాంకాలను కూడి, భాగహారంలో తీసివేస్తే సరిపోతుంది.

గణన

భూమికి సూర్యుని సగటు దూరం 1.496 × 10⁸ కి.మీ. కాంతి వేగం సెకనుకు 2.998 × 10⁵ కి.మీ.

(1.496 ÷ 2.998) × 10⁸⁻⁵ = 0.499 × 10³ = 499 సెకన్లు

అనగా సూర్యకాంతి భూమిని చేరుటకు 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. సంవత్సరానికి 3.156 × 10⁷ సెకన్లు కనుక, ఆ కాలంలో కాంతి పయనించే దూరం 9.46 × 10¹² కి.మీ. ఇదే ఒక కాంతి సంవత్సరం. కాంతి సంవత్సరం దూరానికి ప్రమాణం, కాలానికి కాదు.

కొన్ని ఉదాహరణలు

* చంద్రుడు: 3.84 × 10⁵ కి.మీ. - 1.28 సెకన్లు
* ఆదిత్య-ఎల్1 ఉపగ్రహం (2023లో శ్రీహరికోట నుండి ప్రయోగించబడింది): సుమారు 1.5 × 10⁶ కి.మీ. - 5 సెకన్లు
* ప్రాక్సిమా సెంటారి నక్షత్రం: 4.0 × 10¹³ కి.మీ. - 4.24 సంవత్సరాలు
* ఆండ్రోమెడా గెలాక్సీ: సుమారు 2.4 × 10¹⁹ కి.మీ. - సుమారు 25 లక్షల సంవత్సరాలు

అంతరిక్ష యాత్రలలో ప్రాముఖ్యత

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. ఆనాడు నౌక భూమికి సుమారు 2.24 × 10⁸ కి.మీ. దూరాన ఉంది. సంకేతం ఒకవైపు చేరుటకే దాదాపు 12½ నిమిషాలు పట్టింది. వేగం తగ్గించే ఇంజను మండవలసిన కాలం సుమారు 24 నిమిషాలు. ఇంజను మొదలైన సమాచారం భూమికి అందేసరికే సగం పని పూర్తయింది. ఏదైనా లోపం కనిపించి వెంటనే ఆదేశం పంపినా, అది ఇంజను ఆగవలసిన సమయం దాటిన తరువాతనే నౌకను చేరేది. ఈ కారణంగా ఆదేశాలన్నిటినీ ముందుగానే నౌకలోని కంప్యూటరుకు పంపి, ఆ ఘట్టాన్ని నౌక తనంతట తానే నిర్వహించే విధంగా ఇస్రో శాస్త్రవేత్తలు ఏర్పాటు చేశారు.