అద్దె ఇంటి ఒప్పందం (శ్రీకాకుళం, విజయనగరం)

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇల్లు అద్దెకు ఇవ్వడం, తీసుకోవడం చాలావరకు నోటిమాట మీదే సాగుతుంది. గేటుకు టు-లెట్ బోర్డు కడతారు, తెలిసినవాళ్లు పూచీ చెబుతారు, అడ్వాన్సు చేతులు మారుతుంది, మంచిరోజు చూసి పాలు పొంగిస్తారు. ఆషాఢంలో ఇల్లు మారేవారు తక్కువ. ఉద్యోగరీత్యా విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడిన యజమానుల ఇళ్లను ఇక్కడి బంధువులు చూసుకుంటారు. అలాంటి ఇంట్లో దిగేవారు అద్దె ఎవరికి కట్టాలో, మరమ్మతుకు ఎవరిని అడగాలో ముందే తేల్చుకోవాలి.

కాగితం రాసుకునేవారు 11 నెలలకు రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి; ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం ఇక్కడ ఏ లీజునైనా చేయించాలి. అయినా ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా 11 నెలల పద్ధతే వాడుకలో స్థిరపడింది. అడ్వాన్సు విషయంలో, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించకూడదని కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం సూచించింది.

ఈ తీరంలో అద్దె తర్వాత అంత ముఖ్యంగా మాట్లాడుకోవలసింది పైకప్పు గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విజయనగరాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళాన్ని దెబ్బతీశాయి. డాబా మీద రేకుల గది చవగ్గా దొరుకుతుంది. దిగేముందు రేకులు పట్టి ఉంచిన బోల్టులు తుప్పుపట్టాయేమో, శ్లాబు అంచున చెమ్మ ఉందేమో చూడాలి. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ వర్తిస్తుంది. తుపానుకో వరదకో ఇల్లు శాశ్వతంగా నివాసానికి పనికిరాకుండా పోతే, లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది. యజమాని చేయించాల్సిన మరమ్మతును, తెలియజేశాక కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇంత అండ ఉన్నా, దాన్ని ఎరిగి వాడుకునేవారు అరుదు. వాడుకోవాలంటే ఆధారం కావాలి కనుక దిగేరోజే గోడలు, తలుపులు, పైకప్పు ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవాలి.

రెండు వాటాలకు ఒకే కరెంటు మీటరు ఉంటే జాగ్రత్తపడాలి. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది కనుక, తక్కువ వాడేవారూ ఎక్కువ కడతారు. వేరే మీటరు పెట్టించడం ఇద్దరికీ మేలు.

గడువు రాసుకోని నెలవారీ అద్దెకు, ఖాళీ చేయించాలన్నా ఖాళీ చేయాలన్నా ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ 15 రోజుల లిఖితపూర్వక నోటీసు చాలంటుంది. బడికెళ్లే పిల్లలున్న ఇంటికి ఆ వ్యవధి సరిపోదు. రెండు నెలలని ఒప్పందంలో రాయించుకోవచ్చు.